గోలీ మీద రేటు ఎవరు రాశారు? 1970 పేటెంట్ చట్టం నుంచి టీబీ మందు దాకా

పోస్టు పొడుగ్గా ఉంటది, తీరిక ఉన్నప్పుడే చదవండి.

మనకు 1970 అనగానే 1/70 గుర్తొస్తుంది. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని చెప్పిన రెగ్యులేషన్ అది. మన గ్రూపులో దాని మీద ఎన్ని పోస్టులు పడ్డాయో లెక్కలేదు. అదే ఏడాది సెప్టెంబరులో ఢిల్లీలో ఇంకో చట్టం వచ్చింది. దాని పేరు పేటెంట్స్ చట్టం, 1970. మొదటిది భూమి గురించి, రెండోది మందుల గురించి. రెండూ ఒకే రకం ప్రశ్న అడిగాయి: దీన్ని ఎవరైనా సొంతం చేసుకోవచ్చా, చేసుకుంటే మిగతావాళ్ల గతేంటి? 1/70 గురించి మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. రెండోదాని గురించి నాకు డిగ్రీలోకి వచ్చేదాకా తెలియదు. మన ఊళ్లలో టీబీ కోర్సు వాడుతున్న ప్రతి మనిషికీ దానితో సంబంధం ఉంది. అందుకే రాస్తున్నా.

ముందు పేటెంట్ అంటే ఏంటో మన భాషలో చెప్తా. ఇప్పగింజల నుంచి నూనె తీస్తాం కదా. ఒకడొచ్చి "ఈ గానుగ పద్ధతి నేను కనిపెట్టా, ఇట్లా నూనె తీయాలంటే నన్ను అడగాలి" అన్నాడనుకోండి. సరే, వాడి పద్ధతి వాడిది, మనం ఇంకో పద్ధతిలో తీసుకుంటాం. దీన్ని ప్రాసెస్ పేటెంట్ అంటారు. అదే మనిషి "ఇప్పనూనే నాది, ఏ పద్ధతిలో తీసినా నాదే, నా అనుమతి లేకుండా ఎవరూ అమ్మొద్దు" అంటే? అది ప్రొడక్ట్ పేటెంట్. చూడ్డానికి తేడా చిన్నదే. ఈ చిన్న తేడా మీదే లక్షల మంది ప్రాణాలు ఆధారపడ్డాయి.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా మన దేశంలో నడిచింది ఇంగ్లీషువాళ్లు 1911లో చేసిన పేటెంట్ చట్టమే. దాని కింద మందు మీదే హక్కు తీసుకునే వీలుంది. మార్కెట్టు అంతా విదేశీ కంపెనీల చేతిలో ఉండేది. ప్రభుత్వం వేసిన జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ కమిటీ 1959లో రిపోర్టు ఇచ్చింది. దేశంలోని పేటెంట్లలో నూటికి 80, 90 విదేశీయులవే అని, వాటిలో 90 శాతానికి పైగా ఇక్కడ అసలు ఉత్పత్తికే వాడటం లేదని ఆయన తేల్చాడు. అంటే ఇక్కడ తయారు చేయరు, ఇంకొకరిని చేయనివ్వరు. పొలం చుట్టూ కంచె వేసి బీడు పెట్టినట్టు. అదే కాలంలో అమెరికా సెనేట్‌లో కెఫావర్ కమిటీ మందుల ధరల మీద విచారణ చేసింది. ప్రపంచంలో మందులు అత్యంత ఖరీదుగా ఉన్న దేశాల్లో ఇండియా ఒకటని వాళ్ల రిపోర్టులోనే రాశారు. పేద దేశం, రేటు మాత్రం పెద్దోళ్లది.

ఒక కేసు చెప్తా. టోల్బుటమైడ్ అని షుగరు మందు ఉండేది. జర్మనీ కంపెనీ హెక్స్ట్‌కి దాని మీద పేటెంట్ ఉంది. బొంబాయిలోని హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్ దాన్ని వేరే పద్ధతిలో తయారు చేసింది. ఆ పద్ధతితో యూనికెమ్ అనే దేశీ కంపెనీ మందు తయారు చేస్తే హెక్స్ట్ కోర్టుకెళ్లింది. 1960ల చివర్లో బొంబాయి హైకోర్టు హెక్స్ట్ వైపే తీర్పిచ్చింది. మన శాస్త్రవేత్తలకు తెలివి లేక కాదు, చట్టం ఒప్పుకోలేదు.

అయ్యంగార్ రిపోర్టు వచ్చిన పదకొండేళ్లకు గానీ కొత్త చట్టం రాలేదు. ఆలస్యమైనా గట్టిగా వచ్చింది. అందులో సెక్షన్ 5 ఏమందంటే, ఆహారం మీదా మందుల మీదా ప్రొడక్ట్ పేటెంట్ ఉండదు. తయారీ పద్ధతి మీద మాత్రమే ఇస్తాం. అది కూడా మంజూరైన రోజు నుంచి ఐదేళ్లు, లేదా దరఖాస్తు వైపు తేదీ నుంచి ఏడేళ్లు, ఏది ముందైతే అది. 1972 ఏప్రిల్ 20 నుంచి అమల్లోకి వచ్చింది.

అయితే చట్టం రాయగానే గోలీలు తయారైపోవు. తయారు చేసే చేతులు కావాలి. ఇక్కడ హైదరాబాద్ వస్తుంది. బాలానగర్ వైపు వెళ్లినవాళ్లకు ఐడీపీఎల్ చౌరస్తా తెలిసే ఉంటుంది. చాలామందికి అది బస్‌స్టాప్ పేరు మాత్రమే. ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ లిమిటెడ్ 1961లో ఏర్పడిన ప్రభుత్వ కంపెనీ. సోవియట్ యూనియన్ సాయంతో రిషికేశ్‌లో యాంటీబయాటిక్స్ ప్లాంటు, హైదరాబాద్‌లో సింథటిక్ డ్రగ్స్ ప్లాంటు కట్టారు. అంతకు ముందే పూణె దగ్గర పింప్రిలో పెన్సిలిన్ కోసం హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ ఉంది. ఈ ప్రభుత్వ ఫ్యాక్టరీల్లోనే ఒక తరం కెమిస్టులు పని నేర్చుకున్నారు. మందులోని అసలు పదార్థాన్ని మూలం నుంచి ఎలా కట్టుకుంటూ రావాలో వాళ్లకు చేతికి వచ్చింది. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి ఐడీపీఎల్‌లో పనిచేసినాయనే. హైదరాబాద్ చుట్టూ తర్వాత వచ్చిన ఎన్నో కంపెనీల వెనక ఐడీపీఎల్ మనుషులున్నారు. ఈరోజు అందరూ హైదరాబాద్‌ని ఫార్మా రాజధాని అంటుంటే ప్రైవేటు కంపెనీల గొప్పతనమే చెప్తారు. పునాది వేసింది ప్రభుత్వ సొమ్ము. ఆ ఐడీపీఎల్ 1990ల్లో ఖాయిలా పడింది, దాని పేరు చౌరస్తాకు మిగిలింది.

ఇప్పుడు ఎయిడ్స్ దగ్గరికి వస్తా. ఈ కథలో అన్నిటికన్నా తెలుసుకోవాల్సిన భాగం ఇదే.

హెచ్‌ఐవీకి మొదటి మందు ఏజెడ్‌టీ, అంటే జిడోవుడిన్. ఆ పదార్థాన్ని 1964లోనే జెరోమ్ హార్విట్జ్ అనే అమెరికా శాస్త్రవేత్త ప్రభుత్వ పరిశోధన డబ్బుతో తయారు చేశాడు, క్యాన్సర్‌కి పనికొస్తుందేమో అని. పనికిరాలేదు. ఆయన పేటెంట్ కూడా తీసుకోకుండా పక్కన పెట్టేశాడు. ఇరవై ఏళ్ల తర్వాత అది హెచ్‌ఐవీని ఆపుతుందని తేలింది. ఆ పరీక్షల్లో కూడా అమెరికా ప్రభుత్వ సంస్థల పాత్ర ఉంది. పేటెంట్ మాత్రం బరోస్ వెల్‌కమ్ అనే కంపెనీ తీసుకుంది. 1987లో అనుమతి వచ్చినప్పుడు ఏడాదికి పది వేల డాలర్ల దాకా రేటు పెట్టింది. "పేటెంట్ లేకపోతే కొత్త మందులు ఎవరు కనిపెడతారు" అని అడిగేవాళ్లకు మొదట ఈ కథ చెప్పాలనిపిస్తుంది నాకు. కనిపెట్టినోడు ఒకడు, ఖర్చు పెట్టింది ప్రజలు, రేటు రాసింది ఇంకొకడు.

మన దగ్గర గుంటూరు జిల్లా నుంచి వచ్చిన ఎ.వి. రామారావు గారు హైదరాబాద్‌లోని ఐఐసీటీలో ఏజెడ్‌టీ తయారీకి వేరే పద్ధతి తయారు చేశారు. ఆ పద్ధతితో ముంబై కంపెనీ సిప్లా 1993లో ఈ మందును మార్కెట్లోకి తెచ్చింది. 1970 చట్టం లేకపోతే దీన్ని పేటెంట్ ఉల్లంఘన అనే వీలుండేది.

1996 నాటికి ఒక మందు చాలదని, మూడు మందులు కలిపి వాడితే మనిషి మామూలుగా బతకొచ్చని తేలింది. అమెరికాలో, యూరప్‌లో మరణాలు ఒక్కసారిగా తగ్గాయి. మూడు మందుల ఖర్చు ఏడాదికి 10 వేల నుంచి 15 వేల డాలర్లు. అప్పటి లెక్కన మూడున్నర లక్షల రూపాయలు దాటే మాట, అదీ ఏటా, బతికున్నన్నాళ్లూ. రోగం ఎక్కువగా ఉన్నది ఆఫ్రికాలో. దక్షిణాఫ్రికా ఒక్కదాంట్లోనే 2000 నాటికి నలభై లక్షలకు పైగా హెచ్‌ఐవీతో ఉన్నారు. మందు ఉంది, అందరికీ తెలుసు, అయినా మనుషులు పోతున్నారు.

1997లో నెల్సన్ మండేలా ప్రభుత్వం తన మందుల చట్టాన్ని సవరించింది. ఎక్కడ చవకగా దొరికితే అక్కడి నుంచి మందు తెచ్చుకునే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. వెంటనే పెద్ద మందుల కంపెనీలు 1998 ఫిబ్రవరిలో ప్రిటోరియా హైకోర్టులో కేసు వేశాయి. విచారణకు వచ్చేసరికి 39 కంపెనీలు. అమెరికా ప్రభుత్వం కూడా దక్షిణాఫ్రికాను తన వాణిజ్య నిఘా జాబితాలో పెట్టింది. ఆలోచించండి, తెల్లవాళ్ల పాలన పోయి నాలుగేళ్లు కాలేదు, 27 ఏళ్లు జైల్లో ఉన్న మనిషి అధ్యక్షుడు, ఆయన తన జనానికి మందు తెచ్చుకుంటానంటే వాణిజ్య ఆంక్షల బెదిరింపు.

అక్కడ 1998 డిసెంబరు 10న ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ అనే సంఘం పుట్టింది. దాని నాయకుడు జాకీ అక్మత్‌కి కూడా హెచ్‌ఐవీ ఉంది. మందు కొనుక్కునే అవకాశం ఉన్నా, సర్కారు ఆసుపత్రిలో అందరికీ దొరికేదాకా నేను వేసుకోను అని ఒట్టు పెట్టుకున్నాడు. 2003 దాకా అట్లాగే ఉన్నాడు. ఆ సంఘం వాళ్లు థాయిలాండ్ నుంచి ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మందును బహిరంగంగా చట్టం ధిక్కరించి తెచ్చారు, రెండు రేట్ల మధ్య తేడా లోకానికి చూపించడానికి. హెచ్‌ఐవీ పాజిటివ్ అని పెద్ద అక్షరాలతో ఉన్న టీషర్టులు వేసుకుని ఊరేగింపులు తీశారు. రోగం పేరు చెప్పడానికే భయపడే రోజుల్లో అది ఎంత ధైర్యమో మనకు అర్థమవుతుంది.

2001 ఫిబ్రవరిలో సిప్లా అధిపతి యూసుఫ్ హమీద్ ఒక రేటు ప్రకటించాడు. మూడు మందుల కోర్సు, డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థకు ఏడాదికి 350 డాలర్లు. రోజుకు ఒక డాలర్ కన్నా తక్కువ. అప్పటి మన డబ్బుల్లో ఏడాదికి సుమారు 16 వేల రూపాయలు. పది వేల డాలర్లెక్కడ, 350 ఎక్కడ! మధ్యలో ఉన్న తొమ్మిదిన్నర వేల డాలర్లకు పైగా సొమ్ము మందు తయారీ ఖర్చు కాదన్న సంగతి ఆ ఒక్క ప్రకటనతో బయటపడింది.

ఇంకో సంగతి ఉంది, అది తక్కువమంది చెప్తారు. సిప్లా ఆ మూడు మందులనూ ఒకే గోలీలో కలిపింది. స్టావుడిన్, లామివుడిన్, నెవిరాపిన్. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. చదువురాని మనిషికైనా చెప్పొచ్చు. పాశ్చాత్య దేశాల్లో ఆ మూడు మందులూ మూడు వేర్వేరు కంపెనీల చేతిలో ఉన్నాయి, ఒకరి మందు ఇంకొకరి గోలీలో కలవదు. ఇక్కడ ప్రొడక్ట్ పేటెంట్ లేదు కాబట్టే కలిసింది. మన పీహెచ్‌సీలో ఒక ముసలావిడ చేతిలో ఐదారు రకాల గోలీలు పోసి, ఇది పరగడుపున, ఇది తిన్నాక అని చెప్తే ఇంటికెళ్లేసరికి ఏమవుతుందో మనకు తెలియంది కాదు. ఒకే గోలీ అంటే రేటు తగ్గడం ఒక్కటే కాదు.

ఆ ఏడాది మార్చి 5న ప్రిటోరియాలో విచారణ మొదలైంది. ప్రపంచమంతా నిరసనలు. ఏప్రిల్ 19న 39 కంపెనీలూ కేసు వెనక్కి తీసుకున్నాయి. నవంబరులో దోహాలో ప్రపంచ వాణిజ్య సంస్థ సమావేశం ఒక ప్రకటన చేసింది: ప్రజల ఆరోగ్యాన్ని కాపాడుకోవడానికి దేశాలు చర్యలు తీసుకుంటే వాణిజ్య ఒప్పందం అడ్డు రాకూడదు. ఆఫ్రికా దేశాలు, మన దేశం, బ్రెజిల్ పట్టుబట్టి సాధించుకున్న మాట అది. తర్వాతి ఏళ్లలో దాతల డబ్బుతో పేద దేశాలకు వెళ్లిన హెచ్‌ఐవీ మందుల్లో 80 శాతానికి పైగా ఇండియా కంపెనీలవే.

ఇంతవరకు చదివితే మనవాళ్లు దేవుళ్లు అనిపిస్తుంది. కాదు. రేటు ప్రకటన 2001లో వస్తే, మన దేశంలో సర్కారు ఉచితంగా హెచ్‌ఐవీ మందు ఇవ్వడం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్ 1న, అదీ మొదట ఎనిమిది ఆసుపత్రుల్లో. హెచ్‌ఐవీ ఎక్కువున్న రాష్ట్రాల్లో అప్పటి మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. మందు ఇక్కడే తయారై ఓడెక్కి పోతుంటే ఇక్కడి పేదలు మూడేళ్లు చూస్తూ ఉన్నారు. దక్షిణాఫ్రికాలోనూ అంతే. కంపెనీలు వెనక్కి తగ్గాక అక్కడి ఎంబెకీ ప్రభుత్వమే అడ్డం కూర్చుంది. తల్లి నుంచి బిడ్డకు సోకకుండా ఇచ్చే నెవిరాపిన్ కోసం కూడా ఆ సంఘం రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లి 2002లో గెలవాల్సి వచ్చింది. పేటెంట్ తీసేస్తే ఒక గోడ పడుతుంది. కొని ఇచ్చే సర్కారు లేకపోతే రెండో గోడ అట్లాగే ఉంటుంది.

మన ఏజెన్సీ బిడ్డలుగా ఇంకో మాట కూడా చెప్పాలి. చవక మందు ఎక్కడ తయారవుతోంది? పటాన్‌చెరు చుట్టుపక్కల చెరువులు ఎట్లా పాడయ్యాయో చాలామందికి తెలుసు. జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో ఫార్మా సెజ్ కోసం భూములు పోగొట్టుకున్నవాళ్లలో దళితులు, లంబాడాలు ఎక్కువ. 2024 నవంబరులో కొడంగల్ వైపు లగచర్ల, రోటిబండ తండాల్లో ఫార్మా విలేజ్ వద్దన్న గొడవలో రైతులు జైలుకెళ్లారు, వాళ్లలో చాలామంది లంబాడాలే. ఆ నెలాఖరుకు ఫార్మా విలేజ్ నోటిఫికేషన్ వెనక్కి తీసుకున్నారు. ఆఫ్రికాలో ఒక మనిషి ప్రాణం నిలబెట్టిన గోలీ, ఇక్కడ ఒక తండా నీళ్లను పాడుచేసి ఉండొచ్చు. రెండూ ఒకే చరిత్ర. ఒకదాన్ని చెప్పి ఒకదాన్ని దాచడం నాకు నచ్చదు. దాని మీద విడిగా రాయాలి, ఇక్కడితో ఆపుతా.

మళ్లీ చట్టం. మంచి చట్టం ఉంది కదా, ఏమైంది? 1991 చివర్లో వచ్చిన డంకెల్ ముసాయిదా పేరు మన పెద్దవాళ్లు, ముఖ్యంగా రైతు సంఘాల వాళ్లు, విని ఉంటారు. విత్తనాల మీద హక్కుల గురించి అప్పట్లో చాలా గొడవ అయింది. మందుల సంగతి కూడా అందులోనే ఉంది. సరుకుల వ్యాపారం మీద జరుగుతున్న చర్చల్లోకి ధనిక దేశాలు పేటెంట్లను తెచ్చి పెట్టాయి. మీ బట్టలు, మీ బియ్యం మా మార్కెట్లో అమ్ముకోవాలంటే మా పేటెంట్లను మీ దేశంలో ఒప్పుకోవాలి అన్నది బేరం. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ, దానితో పాటు ట్రిప్స్ ఒప్పందం మొదలయ్యాయి. సభ్య దేశాల్లో మందు మీద 20 ఏళ్ల పేటెంట్ ఇవ్వాలి. మనకు 2005 దాకా గడువు ఇచ్చారు. 350 డాలర్ల రేటు వచ్చింది ఆ గడువు కాలంలోనే, తలుపు మూసుకునే లోపు.

2005 మార్చిలో పార్లమెంటు చట్టం సవరించింది. సెక్షన్ 5 పోయింది. కానీ వామపక్షాల ఒత్తిడి, రోగుల సంఘాల పోరాటం వల్ల కొన్ని మంచివి నిలబడ్డాయి. ఒకటి సెక్షన్ 3(డి). పాత మందునే కాస్త మార్చి, ఉప్పు మార్చి, రూపం మార్చి, మళ్లీ ఇరవై ఏళ్లు కావాలంటే కుదరదు, మందుగా అది ఇంకా బాగా పనిచేస్తుందని చూపించాలి. రెండోది సెక్షన్ 25. పేటెంట్ ఇవ్వకముందే ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. చట్టంలో "ఎవరైనా" అనే ఉంది, కంపెనీలే అక్కర్లేదు.

3(డి) ఎంత పనిచేసిందో నోవార్టిస్ కేసులో చూశాం. రక్త క్యాన్సర్ మందు గ్లివెక్ నెలకు లక్షా ఇరవై వేల దాకా ఉంటే, దేశీ కంపెనీలది పది వేల లోపే. మందు కొత్త రూపానికి పేటెంట్ కావాలని నోవార్టిస్ అడిగింది. క్యాన్సర్ రోగుల సంఘం, మన హైదరాబాద్ కంపెనీ నాట్కోతో సహా కొందరు అభ్యంతరం చెప్పారు. 2006లో చెన్నై పేటెంట్ ఆఫీసు కుదరదంది, 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టూ కుదరదంది. అదే నాట్కోకి అంతకు ముందు ఏడాది, 2012 మార్చిలో, బేయర్ కంపెనీ క్యాన్సర్ మందు నెక్సావర్ మీద కంపల్సరీ లైసెన్స్ వచ్చింది. పేటెంట్ ఉన్నా సరే, రేటు జనానికి అందట్లేదు కాబట్టి వేరేవాళ్లు తయారు చేసి అమ్మొచ్చు, రాయల్టీ కట్టాలి. నెలకు 2 లక్షల 80 వేలు ఉన్న మందు తొమ్మిది వేల లోపుకు దిగింది. ఆ తర్వాత ఇప్పటిదాకా మన ప్రభుత్వం ఇంకో మందుకు అట్లాంటి లైసెన్స్ ఇవ్వలేదు. కత్తి ఒరలోనే ఉంది.

సొంతంగా తయారు చేసుకోలేని దేశాల పరిస్థితి ఇంకా ఘోరం. వాళ్ల కోసం వేరే దేశం తయారు చేసి పంపొచ్చు అని 2003లో ఒక ఏర్పాటు చేశారు. కాగితాలు ఎంత కష్టమంటే, దాన్ని వాడి మందు చేరింది ఒక్క రువాండాకే, కెనడా నుంచి, 2008లో.

ఇక టీబీ. దీని కోసమే ఇంత రాశాను.

మన ఊళ్లలో టీబీ అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. మామూలు టీబీకి మందులు పాతవి, పేటెంట్ ఎప్పుడో పోయింది. మొండి టీబీ, అంటే మామూలు మందులకు లొంగనిది వస్తేనే కష్టం. దానికి ఏళ్ల తరబడి కనమైసిన్ అనే ఇంజెక్షన్ ఇచ్చేవాళ్లు. రోజూ సూది, నెలలపాటు. అది చాలామందికి చెవులు పోగొట్టింది. టీబీకి దాదాపు నలభై ఏళ్లు కొత్త రకం మందే రాలేదు. పేటెంట్లు ఉన్న ప్రపంచంలోనే రాలేదు, గుర్తుపెట్టుకోండి. టీబీ వచ్చేది పేదవాళ్లకు, వాళ్ల దగ్గర కంపెనీకి లాభం లేదు. చివరికి 2012 డిసెంబరులో బెడాక్విలిన్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది. గోలీయే, సూది కాదు. జాన్సన్ అండ్ జాన్సన్‌ది. దాని పరీక్షల్లో కూడా ప్రభుత్వాల సొమ్ము చాలా కలిసింది. మన దేశంలో 2016 నుంచి కొద్ది కేంద్రాల్లో, కొద్దిమందికి ఇవ్వడం మొదలైంది.

అసలు పేటెంట్ 2023 జూలైలో ముగుస్తుంది. కంపెనీ అదే మందు ఉప్పు రూపం మీద ఇంకో దరఖాస్తు పెట్టింది. అది మంజూరైతే 2027 దాకా వేరెవరూ తయారు చేయకూడదు. నాలుగేళ్లు.

దానికి 2019లో ఇద్దరు ఆడవాళ్లు అడ్డం వచ్చారు. ఒకరు ముంబైకి చెందిన నందితా వెంకటేశన్. రెండుసార్లు టీబీ వచ్చింది, మందుల వల్ల వినికిడి పోయింది. ఇంకొకరు దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ పక్కన ఖయెలిత్షా బస్తీకి చెందిన ఫుమెజా టిసిలే. కాలేజీలో మొదటి ఏడాదిలో ఉండగా టీబీ వచ్చింది. అత్యంత మొండి రకం. మూడేళ్లకు పైగా వేల గోలీలు, వందల సూదులు. బతికింది, చెవులు పోయాయి. ఒక హాస్టల్ పిల్ల లాంటి పిల్ల, మనలో ఒకరి వయసు. వీళ్లిద్దరూ సెక్షన్ 25 పట్టుకుని ముంబై పేటెంట్ ఆఫీసులో అభ్యంతరం వేశారు. వేరే దేశపు మనిషి కూడా వేయొచ్చా అంటే వేయొచ్చు, "ఎవరైనా" అన్నారు కదా. 2023 మార్చి 23న పేటెంట్ ఆఫీసు కంపెనీ దరఖాస్తును తిరస్కరించింది. జూలైలో పాత పేటెంట్ ముగిసింది, లుపిన్ లాంటి కంపెనీలు రంగంలోకి వచ్చాయి. ఆ ఆగస్టుకే పేద దేశాల కోసం కొనే రేటు ఆరు నెలల కోర్సుకు 130 డాలర్లకు దిగింది, అంతకు ముందున్న దాంట్లో సగం కన్నా తక్కువ.

వాళ్లకు వెనక సంస్థల సాయం ఉంది, లాయర్లున్నారు, ఆ మాట నిజమే. కానీ కాగితం మీద పేర్లు చెవులు పోయిన ఇద్దరు మామూలు మనుషులవి.

ఇప్పుడా తలుపు కూడా సన్నబడుతోంది. 2024 మార్చిలో పేటెంట్ నిబంధనలు మార్చారు. అభ్యంతరం వేయడానికి ఇదివరకు ఫీజు లేదు, ఇప్పుడు కట్టాలి. అభ్యంతరం విచారణకు పనికొస్తుందా లేదా అని ముందే అధికారి తేల్చే ఏర్పాటు కూడా వచ్చింది. 2025 జూలైలో బ్రిటన్‌తో కుదిరిన వాణిజ్య ఒప్పందంలో, మందులు అందుబాటులోకి తేవడానికి కంపెనీలు స్వచ్ఛందంగా ఇచ్చే లైసెన్సులే మేలైన దారి అని రాసుకున్నారు. నాట్కోకి ఇచ్చినట్టు సర్కారు బలవంతంగా ఇచ్చే లైసెన్సు కాదు, కంపెనీకి ఇష్టమైతే ఇచ్చేది. ఇష్టం కోసం ఎదురుచూస్తే ప్రిటోరియాలో ఏం జరిగేదో ఊహించుకోండి. 1/70కి కూడా ఇట్లాగే మెల్లమెల్లగా సందులు పెట్టారు కదా, మనకు ఆ పద్ధతి కొత్త కాదు.

సికిల్ సెల్ గురించి ఒక్క ముక్క. మన తెగల్లో ఎక్కువగా ఉన్న ఈ జబ్బుకు హైడ్రాక్సీయూరియా పాత మందు, చవకే, పేటెంట్ లేదు. అది ఊరికి చేరకపోతే తప్పు పేటెంట్‌ది కాదు, సరఫరాది. కానీ 2023 డిసెంబరులో అమెరికాలో జన్యువును సరిచేసే చికిత్సకు అనుమతి వచ్చింది, ఒక మనిషికి 22 లక్షల డాలర్లు. దాని చుట్టూ ఎన్నో పేటెంట్లున్నాయి. ఆ జబ్బు ఎక్కువున్నది ఆఫ్రికాలో, మన దగ్గర. ఇంకో ఇరవై ఏళ్ల తర్వాత దాని రేటు ఎంత ఉండాలన్నది ఈ ఏళ్లలోనే ఆఫీసుల్లో నిర్ణయమవుతోంది.

పేటెంట్ దరఖాస్తులు ఆన్‌లైన్‌లో అందరికీ కనిపిస్తాయి. మన రెండు రాష్ట్రాలూ చెన్నై ఆఫీసు కిందకు వస్తాయి. గ్రూపులో బీఫార్మసీ, ఎల్‌ఎల్‌బీ చదివేవాళ్లు ఉన్నారని తెలుసు. సికిల్ సెల్, టీబీ మందుల మీద ఏ దరఖాస్తులు పెండింగ్‌లో ఉన్నాయో వెతకడం వచ్చినవాళ్లు ఒకరిద్దరు ముందుకొస్తే, కూర్చుని జాబితా రాద్దాం. పాత ఫైళ్లు, తీర్పులు చదివే పని నేను చేస్తా.